మేఘంలోని దస్త్రాలు - తొలగించే విధానం

మానవుడు వస్తువులను సేకరించడంలో చూపిన శ్రద్ధ వాటిని వదిలించుకోవడంలో ఎన్నడూ చూపలేదు. పూర్వం ప్రతి ఇంటా ఒక అటక ఉండేది. చిమ్నీ పగిలిన లాంతరు, కాలు విరిగిన కుర్చీ, ఎవరు ఎవరికి వ్రాసినవో తెలియని ఉత్తరాలు అక్కడికి చేరేవి. నేడు ఆ అటక ఇల్లు విడిచి కంటికి కనిపించని చోటికి వెళ్ళినది. దానినే ‘క్లౌడ్’, అనగా మేఘం అంటున్నారు. పేరు కవితాత్మకంగా ఉన్నది గాని విషయం కవిత్వం కాదు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో రాత్రింబవళ్ళు పనిచేసే వేలాది కంప్యూటర్లలో మన కాగితాలకు, ఛాయాచిత్రాలకు కొంత చోటు కేటాయించడమే దాని సారాంశం.

ఆ చోటు అనంతం కాదు. గూగుల్ సంస్థ వ్యక్తిగత ఖాతాకు ఉచితంగా 15 గిగాబైట్ల వరకు ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి వన్‌డ్రైవ్‌లో ఉచితంగా లభించేది 5 గిగాబైట్లు, డ్రాప్‌బాక్స్‌లో 2 మాత్రమే. గూగుల్ ఇచ్చే చోటును డ్రైవ్, జీమెయిల్, ఫోటోలు మూడూ కలిసి పంచుకోవలసి ఉంటుంది. ఒకప్పుడు కొంత నాణ్యత తగ్గించి దాచుకొనే ఛాయాచిత్రాలను సంస్థ లెక్కలోనికి తీసుకొనేది కాదు. 2021 జూన్ 1 తరువాత దాచినవన్నీ లెక్కకు వస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలోని వాట్సాప్ సంభాషణల నకలు కూడా 2024 నాటికి ఈ లెక్కలోనే చేరినది. ప్రతి ఉదయం వచ్చే శుభోదయపు బొమ్మలు, పండుగనాడు వందలుగా వచ్చే ఈద్ ముబారక్ చిత్రాలు మన చోటులో ఎంత భాగాన్ని ఆక్రమిస్తున్నాయో విద్యార్థులు గమనించినట్లు లేదు.

చోటు నిండితే నష్టమేమి అని కొందరు అడుగవచ్చును. నష్టం చిన్నది కాదు. గూగుల్ ఖాతా నిండినవారికి జీమెయిల్ ద్వారా ఉత్తరం పంపడం గాని అందుకోవడం గాని సాధ్యపడదు. వచ్చిన ఉత్తరం పంపినవారికే తిరిగి వెళ్ళిపోతుంది. ఉపకారవేతనపు దరఖాస్తులో లోపమున్నదని తెలిపే లేఖ, ఇంటర్వ్యూకు రమ్మనే లేఖ, విశ్వవిద్యాలయంలో ప్రవేశం లభించినదన్న లేఖ, ఏదైనా కావచ్చును. పంపినవారు మరల పంపుతారన్న హామీ లేదు. కుటుంబంలో మొదటిసారి కళాశాల గడప తొక్కిన విద్యార్థికి ఆ ఒక్క లేఖ విలువ ఎంతో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక్కడ మన రెండు భాషలకు సంబంధించిన ఒక ముచ్చట జ్ఞాపకం వస్తున్నది. ఉర్దూలో ‘రద్దీ’ అంటే పనికిరాని చిత్తుకాగితం. తెలుగులో అదే మాటకు జనసమ్మర్దం అని అర్థం. మన ఖాతాల పరిస్థితికి రెండు అర్థాలూ సరిపోవడం విశేషం.

ఇక తొలగించే విధానానికి వద్దాం. అన్నిటికంటె ముందు ఒక భ్రమను వదులుకోవలెను. ఇంటి కంప్యూటరులో కనిపించే వన్‌డ్రైవ్ ఫోల్డరు వేరు, మేఘంలోని దస్త్రం వేరు అని చాలామంది తలుస్తారు. నిజానికి అవి ఒకే వస్తువుకు రెండు ప్రతిబింబాల వంటివి. ఇక్కడ తుడిచివేసినది అక్కడా పోతుంది. అక్కడ తుడిచివేసినది ఇక్కడా పోతుంది. దీనినే ‘సింక్’ అంటారు. విండోస్ కంప్యూటర్లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అనే మూడు ఫోల్డర్లు యజమానికి తెలియకుండానే వన్‌డ్రైవ్‌తో ముడిపడి ఉండడం తరచుగా జరిగేదే. కంప్యూటరులో చోటు కొరకు ఒకరు తుడిచిన ఫోల్డరు, అదే ఖాతాను ఫోనులో వాడుతున్న అన్నకో చెల్లెలికో కూడా మాయమవుతుంది.

కావున మనకు కావలసినది ఏది? కంప్యూటరులో చోటా, మేఘంలో చోటా? కంప్యూటరులో మాత్రమే చోటు కావలసినప్పుడు తుడవనక్కరలేదు. దస్త్రంపై మౌస్ కుడి మీట నొక్కి, చోటు ఖాళీ చేయమనే ఆదేశాన్ని ఎంచుకుంటే చాలును. దాని పక్కన చిన్న మేఘం గుర్తు కనిపిస్తుంది. అనగా దస్త్రం మేఘంలో క్షేమంగా ఉన్నది, ఇంటి యంత్రంలో పేరు మాత్రమే మిగిలినది. ఆ పేరును చూసి, ఇది ఖాళీ దస్త్రమే కదా అని తుడిచివేస్తే అసలుకే మోసం వస్తుంది.

మేఘంలోనే చోటు కావలసినవారు కంప్యూటరులోని బ్రౌజరు ద్వారా ఖాతా తెరవడం మేలు. ఫోను చిన్న తెరపై ఈ పని చేయడం నాకు ఎన్నడూ సమ్మతం కాదు. వ్రేలు జారితే ఏది పోయినదో తెలియదు. గూగుల్ డ్రైవ్‌లో ఎడమవైపున ఉన్న స్టోరేజి అనే మాటను నొక్కితే దస్త్రాలు పరిమాణం ప్రకారం, పెద్దవి ముందుగా వరుసలో నిలుస్తాయి. అక్కడినుండే ప్రారంభించవలెను. మన పత్రిక కొరకు ఇన్‌పేజీలో కూర్చిన ఒక ఉర్దూ గజల్‌ను గాని, తెలుగు వ్యాసాన్ని గాని తుడిచినందువలన మిగిలే చోటు లేశమాత్రం. వార్షికోత్సవంలో తీసిన ఒక్క వీడియో అటువంటి వేల రచనలకు సమానమైన చోటు తింటుంది. అయినా చోటు చాలదనగానే మనవారి చేయి ముందుగా అక్షరాల మీదికే పోతున్నది!

తొలగించదలచిన వాటిలో ఉంచుకోదగినవి ఉంటే ముందుగా డౌన్‌లోడ్ చేసి వేరొక హార్డుడిస్కులో భద్రపరచి, తెరచి చూసి, ఆ తరువాతనే తుడవవలెను. తుడిచినది వెంటనే నశించదు. డ్రైవ్‌లోని ట్రాష్ అనే చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది. వన్‌డ్రైవ్ వ్యక్తిగత ఖాతాలోనూ గడువు 30 రోజులే. గూగుల్ ఫోటోలలో దాచినవి 60 రోజులు ఉంటాయి. ఆలోగా తిరిగి తెచ్చుకోవచ్చును. కాని డ్రైవ్ చెత్తబుట్టలో ఉన్నంతకాలం ఆ దస్త్రం మన చోటులోనే లెక్క. గంటసేపు శ్రమించి తుడిచినా చోటు పెరగలేదని విసుగుచెందేవారు చెత్తబుట్టను ఖాళీ చేయడం మరచినవారే. ఖాళీ చేసిన పిమ్మట మనకు ఆశ లేదు గాని, సంస్థ యంత్రాలనుండి పూర్తిగా చెరగడానికి సుమారు రెండు నెలలు, వారి రక్షణ నకళ్ళనుండి తొలగడానికి ఆరు నెలల వరకు పట్టవచ్చునని గూగుల్ తెలుపుతున్నది.

ఇతరులు మనతో పంచుకున్న దస్త్రాలు వారి లెక్కలోనివి. వాటిని మన జాబితానుండి తీసివేసినా మన చోటు పెరగదు. దీనికి మరొక ముఖం కలదు. సీనియర్ విద్యార్థి తన నోట్సును తరగతి అంతటితో పంచుకొని, చదువు ముగిసిన తరువాత ఖాతా శుభ్రం చేస్తూ దానిని తుడిచివేస్తే, చదువుకుంటున్న జూనియర్లందరికీ అది పోతుంది. తుడిచే ముందు ఎవరెవరితో పంచుకున్నదీ చూడవలెను. యాజమాన్యాన్ని వేరొకరికి బదిలీ చేసే వీలు డ్రైవ్‌లో ఉన్నది.

ఒక హెచ్చరిక మాత్రం ప్రత్యేకంగా చేయవలసి ఉన్నది. రెండు సంవత్సరాలపాటు ఏ విధంగానూ వాడని వ్యక్తిగత ఖాతాను అందులోని సర్వస్వంతో సహా తొలగించే అధికారాన్ని గూగుల్ తన నియమాలలో చేర్చుకొని, 2023 డిసెంబరునుండి అమలు ప్రారంభించినది. మనం అక్కరలేని వాటిని తుడవడానికి తటపటాయిస్తూ ఉండగా, అక్కరకు వచ్చేవి అడగకుండానే పోయే మార్గమిది. కీర్తిశేషులైన తాతగారి ఛాయాచిత్రాలు, స్వరం, చేవ్రాలు ఉన్న ఖాతా ఎవరి ఇంటనైనా ఉండవచ్చును. పెద్దలు జీవించి ఉండగానే వారి ఖాతాలో ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ అనే ఏర్పాటు ద్వారా, వాడకం నిలిచిన కొన్ని నెలల తరువాత ఎవరికి సమాచారం అందవలెనో, ఏయే దస్త్రాలు ఇవ్వవలెనో ముందుగా నిర్ణయించవచ్చును. మూడు నెలలనుండి పద్దెనిమిది నెలల వరకు గడువు ఎంచుకోవచ్చును. ఈ పనికి కావలసినది పెద్దల సమ్మతి, వారి పక్కన కూర్చొనే ఒక మనుమడు లేక మనుమరాలు, పావుగంట సమయం.