నాటితే సరిపోదు, ఇంటి చెట్టును బతికించుకోవాలి

పాలమూరు, నల్లగొండ మెట్ట ప్రాంతాలలో వర్షాలు తక్కువ, ఎండలు ఎక్కువ. ఇక్కడ ఇంటి దగ్గర చెట్టు అలంకారం కాదు, అవసరం. పడమటి వైపు ఒక వేపచెట్టు ఉంటే మధ్యాహ్నపు ఎండ గోడలకు తగలదు, ఇంట్లో వేడిమి తగ్గుతుంది. పెరట్లో మునగ, కరివేపాకు, నిమ్మ ఉంటే ప్రతి కూరకూ అంగడికి పోవలసిన పని లేదు.

2015లో ప్రారంభమైన హరితహారం కింద ఊరూరా మొక్కలు పంచారు. నాటిన మొక్కలలో నూటికి 85 బతకాలని 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం నిర్దేశించింది. అయితే ఇంటి మొక్కకు శత్రువులు రెండు. ఒకటి ఎండాకాలపు నీటి ఎద్దడి, రెండవది మేకలు.

నీటికి ఉపాయం ఇంట్లోనే ఉన్నది. స్నానాల నీటిని, బియ్యం, కూరగాయలు కడిగిన నీటిని చిన్న కాలువ తీసి పాదులకు మళ్లిస్తే చాలు. వాకిట బురద, దోమల బెడద కూడా తగ్గుతాయి. ఇక సీతాఫలం, వావిలి ఆకులను సాధారణంగా మేకలు ముట్టవు. వీటిని దడిగా పెంచితే లోపలి మొక్కలకు రక్షణ, పైగా సీతాఫలాలు లాభం. పేరుపొందిన బాలానగర్ సీతాఫలం ఈ గడ్డదే. మర్రి, రావి మాత్రం గోడలకు దూరంగా నాటాలి, లేకుంటే వేళ్లు పునాదులను చీలుస్తాయి.

మహబూబ్‌నగర్ సమీపంలోని పిల్లలమర్రి సుమారు 700 ఏళ్ల నాటిదని ప్రతీతి. అంతటి మహావృక్షానికే చెదలు పట్టగా, 2018లో సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా మందు ఎక్కించవలసి వచ్చింది. ఇక నిన్న నాటిన మొక్క సంగతి చెప్పనక్కరలేదు. మొదటి రెండు వేసవులు దానిని గట్టెక్కించవలసిన బాధ్యత ఇంటివారిదే.