గురజాల వీరచరిత్రప్రతులును, యూదుల జీర్ణపత్రములును

పల్నాటిసీమలో గురజాల నలగామరాజునకు రాజధాని. మాచెర్ల మలిదేవరాజునకు నెలవు. ఆ యన్నదమ్ముల కలహము కారెంపూఁడికడ నాగులేటి యొడ్డున రణమై ముగిసెను. ఇది క్రీ. శ. 12వ శతాబ్ది యుత్తరార్ధమున జరిగినదని చరిత్రకారుల యభిప్రాయము. ఆ శతాబ్దియందే, 1132 మొదలు 1149 వఱకు, పడమటి తీరమునందలి మంగళూరున అబ్రహాము బెన్ యిజూ అను యూదవర్తకుఁడు కాపురముండి, ఇత్తడిపాత్రలు చేయించుచు, మిరియములు, పోఁకలు, ఇనుము ఏడెనురేవునకు నోడలమీఁదఁ బంపుచుండెను. బ్రహ్మనాయఁడు మంత్రియై యున్ననాఁటి తాటాకుముక్క యొక్కటియైనను దక్కలేదు. ఇత్తడివర్తకుఁ డెవ్వరికి నెంత బాకిపడెనో తెలుపు చిట్టాలు మాత్రము నేఁటికిని జదువవచ్చును. రాజ్యము నడపినవానిఁ గూర్చి తెలియని సంగతులు పళ్లెరములు పోఁతపోయించినవానిఁ గూర్చి తెలిసినవి. ఇట్లగుటకుఁ గారణము రెండుజాతులవారును జీర్ణగ్రంథమును జూచిన చూపులోనే యున్నది.

యూదుల ధర్మమునందు దేవునిపేరు వ్రాసిన పత్రమును జించి పాఱవేయుట నిషిద్ధము. వేదగ్రంథపుఁజుట్ట చివికిపోయినయెడల దానిని మట్టికుండలో నుంచి యొక పండితుని సమాధిచెంతఁ బూడ్చవలయునని వారి ప్రాచీనవిధి. పూడ్చుదాఁక నట్టిపత్రములు దాఁచు చోటికి ‘గెనీజా’ యని పేరు. హీబ్రూభాషలో నా శబ్దమునకు దాఁచుట యనియే యర్థము. కైరోనగరమును జేరియున్న ఫుస్తాతునందలి బెన్ ఎజ్రా ప్రార్థనామందిరమున నీ విధి సగమే జరిగినది. అచ్చటివారు పత్రములను గదిలో వేసిరేకాని, పూడ్చుపనిని చాలవఱకు వాయిదా వేసిరి. ఈ సోమరితనమే పండితలోకమునకు మహోపకారమయ్యెను. ఐగుప్తదేశపుఁ బొడిగాలి తోడుపడి వేయేండ్లకాగితములు పురుగుపాలు కాక నిలిచినవి. ఉత్తరముల తలపులందును దేవునిపేరు వ్రాయుట యాచారము గావున శాస్త్రగ్రంథములతోపాటు జాబులు, పెండ్లిపత్రములు, అప్పుపత్రములు, బాలురు అక్షరములు దిద్దుకొన్న యాకులునుగూడ నా గదిలోఁబడినవి.

1896లో ఇద్దఱు సోదరీమణులు, లూయిస్, గిబ్సనులు, తూర్పుదేశములనుండి కొనితెచ్చిన ప్రాఁతయాకులలో నొకదానిని కేంబ్రిడ్జిలో షెఖ్టరుపండితుఁడు పరిశీలించి, యది శతాబ్దములుగా మూలము నష్టమైనదని తలంపఁబడిన బెన్ సీరాగ్రంథమునకు హీబ్రూపాఠమని గుర్తించెను. ఆ సంవత్సరాంతముననే యతఁడు కైరోకుఁ బోయి యా గదిలోని దుమ్ములో వారములతరబడి పనిచేసి సుమారు 1,93,000 ఖండములను గేంబ్రిడ్జికిఁ జేర్చెను. ఐనను, ఆదిని పండితులదృష్టి వేదపాఠములమీఁదను, కావ్యములమీఁదనే నిలిచినది. వర్తకులజాబులు పెట్టెలలోఁ బెక్కేండ్లు విలువలేనివై పడియుండినవి. గొయిటైనుపండితుఁడు వానినే పట్టి కూర్చి చదివి, 1967 మొదలుకొని మధ్యధరాసముద్రప్రాంతపు యూదుల జీవితమును గూర్చి బృహద్గ్రంథమును బ్రకటించెను. హిందూదేశవర్తకముం గూర్చిన పత్రములను వేఱుగాఁ గూర్చిపెట్టెను. అవి యాతని యనంతరము ఫ్రీడ్మనుపండితుని సహాయమున 2008లో వెలువడినవి. చెత్తయని త్రోసినవానియందే చరిత్ర యెక్కువగాఁ గలదని యిట్లు తేలినది.

తెలుఁగుదేశమున గ్రంథభక్తి తక్కువ యనుట సాహసము. మహర్నవమినాఁడు పుస్తకమును బీఠముపైనుంచి పూజించు జాతికి నా నింద తగదు. కాని యీ భక్తి యక్షరముమీఁదిది, ఆకుమీఁదిది కాదు. తాటాకు రెండుమూఁడువందలయేండ్లకుఁ బెళుసెక్కును, చిమ్మటలపాలగును. అప్పుడు క్రొత్తయాకులమీఁదఁ బ్రతి వ్రాసికొని, ప్రాఁతకట్టను గృష్ణలోనో, చేరువయేటిలోనో విడుచుట సదాచారము. శబ్దము నిత్యము, దానికి నుపాధియగు పత్ర మనిత్యమని నమ్మినవారికిఁ బ్రాఁతయాకును దాఁచవలయునన్న తలంపే రాదు. వేదమును బద, క్రమ, జటా, ఘనపాఠములచేఁ గంఠముననే కాపాడిన జాతి యిది. యూదులును ‘మసోరా’ యను పేరఁ దమ వేదమునందలి పదములను, అక్షరములను లెక్కించి, యంచులలో వ్రాసి పాఠమును రక్షించిరి. అది ప్రాతిశాఖ్యములవంటిదే. ఐనను వారి లెక్క తోలుపత్రముమీఁద నిలిచినది, ఇచ్చటి లెక్క నాలుకమీఁద నిలిచినది. ఇంతే భేదము.

ఈ భేదమువలనఁ బల్నాటివీరచరిత్రను శోధించువాని మార్గము కష్టతర మగుచున్నది. శ్రీనాథకృతమని ప్రసిద్ధికెక్కిన బాలచంద్రయుద్ధభాగమును అక్కిరాజు ఉమాకాంత విద్యాశేఖరులు పరిష్కరించి 1911లోఁ బ్రకటించిరి. అది శ్రీనాథకృతమే యగునా యను వివాదము నాఁటినుండియుఁ గలదు. వివాదము నిటులుంచినను, శ్రీనాథుని కాలమే యుద్ధమునకు రెండువందలయేండ్లకుఁ బైఁబడి తరువాతిది. ప్రతులు దానికంటెను మిక్కిలి యర్వాచీనములు. పైఁగా నీ కావ్యము మంజరీద్విపద. సామాన్యద్విపదయందు రెండవయక్షరమున ప్రాస కుదురకున్నచో లేఖకుఁడు తప్పెనని వెంటనే పట్టువడును. మంజరియందుఁ బ్రాసనియమము లేదు. కావున నింద్రగణములు మూఁడు, సూర్యగణ మొకటి యను లెక్కయు, మూఁడవగణమునఁ బడు యతియుఁ దప్పఁ బరిష్కర్తకు వేఱు దిక్కు లేదు. గణము చెడని తప్పు, యతిని ముట్టని తప్పు తప్పుగానే నిలిచిపోవును. తాటాకులలోఁ బదవిభాగ ముండదు. ఎత్వ, ఒత్వములకు హ్రస్వదీర్ఘభేద ముండదు. రేఫమునకు వ్రాయు వలపలగిలక తొమ్మిదియంకెవలె నుండును. దానిని జూచి లెక్కయనుకొన్న నకలుదారులును లేకపోలేదు.

ప్రతియొక్క కాలనిర్ణయమున మాత్రము యూదులకష్టమును, తెలుఁగువారికష్టమును నొక్కటియే. తెలుఁగు లేఖకుఁడు కడపటియాకున సంవత్సరనామము, మాసము, తిథి, వారము వ్రాసి, దోషము తనది కాదని శ్లోకము చదివి ముగించును. శకవర్షము వ్రాయఁడు. ‘విరోధి’ యన్నచో నది 1829 కావచ్చును, 1889 కావచ్చును, అంతకు ముందటి యఱువదేండ్లలోనిది కావచ్చును. తిథివారములు కలిసిన సంవత్సరమును గణితమునఁ దేల్చుటయే శరణ్యము. హీబ్రూలేఖకుఁడు సృష్ట్యాదిశకమును అక్షరసంఖ్యచే వ్రాయుచు వేలను దఱచుగా వదలిపెట్టును. (ఆ యక్షరసంఖ్య కటపయాదివంటిది కాదు. అందు స్థానవిలువ లేదు, ప్రతియక్షరము తన విలువను దానే కలిగి కూడికచే మొత్తమగును.) ఐనను గొందఱు లేఖకు లతిజాగరూకులు. సెంటుపీటర్సుబర్గునందున్న ప్రసిద్ధమైన వేదప్రతిని గైరోలో వ్రాసిన సమూయేలు బెన్ యాకోబు తన కాలమును సృష్ట్యాదిగాను, యెహోయాకీనురాజు చెఱపట్టుబడిననాఁటి నుండియు, యవనరాజ్యశకముచేతను, ద్వితీయదేవాలయధ్వంసమునుండియు, హిజరీచేతను నైదువిధముల వ్రాసెను. అందు సృష్ట్యాది 4770 అనుటకును, హిజరీ 399 అనుటకును నొకయేఁటి భేదము కలదు. అందుచేతఁ బండితు లా ప్రతిని 1008 అనియు, 1009 అనియుఁ జెప్పుచున్నారు. ఐదుశకములు వ్రాసినవానికే యింత చిక్కు వచ్చినప్పు డొక్క ‘విరోధి’ని నమ్ముకొన్నవానిమాట చెప్పనేల! ఇట్టి లేఖకవాక్యములు కల మధ్యయుగపు హీబ్రూప్రతులను 1540 వఱకు గల వానినెల్ల జూచి, సిరా, గీఁతలు, తోలు, కాగితము, కుట్టు మున్నగువానిని లిఖించు ప్రయత్నము 1965లో యెరూషలేమునఁ బ్రారంభమైనది. కాలము తెలిసిన ప్రతులనుబట్టి తెలియనివాని కాలమును నిర్ణయించుటయే దాని యుద్దేశము. తెలుఁగుతాటాకులకుఁ గూడ కాలము నిశ్చితమైన ప్రతులనుండియే యిట్టి కొలఁత బయలుదేఱవలయును.

మరల మంగళూరివర్తకుని పత్రములకు వత్తము. అతని భాష యరబ్బీ, లిపి హీబ్రూ. మంగళూరునఁ గాగితము దొరకదు గావున ఏడెనుమిత్రులు కాగితము కానుకగాఁ బంపుచుండిరి. ఆ పొదుపుచేత నతఁడు వచ్చిన జాబుల ఖాళీస్థలములందే లెక్కలు, చిత్తులు వ్రాసికొనెను. మంగళూరు విడిచి పోవునప్పు డవియెల్ల వెంటఁగొనిపోయినందుననే గెనీజాలోఁ బడినవి. తాటాకుమీఁద వ్రాసి యిచ్చటనే విడిచినచో నవియు బ్రహ్మనాయని లెక్కలత్రోవనే పోయియుండును.

1148లో ఏడెనునుండి ఖలఫు బెన్ ఇసాకు వ్రాసిన జాబొక్కటి యెరూషలేమున నున్నది. అందు బెన్ యిజూ సేవకునికిఁ గూడఁ గుశలము పంపఁబడినది. ఆ సేవకుని పేరు బ, మ, హ అను మూఁడుహల్లులు. హీబ్రూలిపి యచ్చులను వ్రాయదు, ద్విత్వమును జూపదు, తుదిహకార మచ్చునకు గుర్తు మాత్రము కావచ్చును. గొయిటైనుపండితుఁడు దానిని ‘బామా’ యని చదివెను. గెనీజాశాస్త్రమంతయు నతని కరతలామలకము, కాని మంగళూరిభాష రాదు. తరువాత అమితావ్ ఘోష్ ఆ పేరు వెదకుచు మంగళూరికే పోయి, తుళుపండితుఁడగు వివేక రైతో విమర్శించి, 1992లో దానిని ‘బొమ్మ’ యని నిర్ణయించెను. బొమ్మ యనునది బ్రహ్మశబ్దమునకుఁ దద్భవము. కన్నడతుళుదేశములఁ బురుషనామముగా సుప్రసిద్ధము. తెలుఁగున ‘బమ్మ’ యగును. వైయాకరణునకు నిమిషములోఁ దోఁచు నీ తద్భవము ప్రపంచప్రసిద్ధుఁడగు గ్రంథశోధకునకుఁ దోఁపకపోవుట యతని లోపము కాదు. ఆ పేరు పలుకు నోరు గ్రంథాలయమున లేదు.

గురజాల వీరచరిత్రకు నీ న్యాయమే వర్తించును. ఈ కథకు నోరు పల్నాట నింకను గలదు. వీరవిద్యావంతు లను గాయకులు తరతరములుగా నీ కథను బాడుచున్నారు. అలిశెట్టి గాలెయ్య పాడిన పాఠమును రోఘెయిరు అను అమెరికాపండితుఁ డాంగ్లమునకుఁ దెచ్చి 1982లో ఆక్స్ఫర్డునఁ బ్రకటించెను. గాయకపాఠ మశిక్షితపాఠమని త్రోసివేయుట పండితులయందుఁ జిరకాలముగా నున్న యలవాటు. కావ్యపాఠముకంటె నది ప్రమాణతరమని చెప్పుటయు నట్లే యతివాదము. గాయకుఁడు ప్రతిదినమును గథను సవరించును, లేఖకుఁడు సవరింపక చెఱచును. ఊరిపేరో, వాఁగుపేరో, ఇంటిపేరో తాటాకున వికృతమై యర్థము కానిచోట గాయకుని పలుకుబడి శ్రేష్ఠము. పద్యరచనావిషయమునఁ బ్రతియే శ్రేష్ఠము. ఈ రెంటికిని సంధి కుదుర్చుట పరిష్కర్తపని.

ఇఁక మిగిలిన మాట యిండ్లలోని కట్టలను గూర్చి. బ్రౌనుదొర కావ్యములకుఁ బెక్కుప్రతులు తెప్పించి పోల్పించి కాగితములమీఁద శుద్ధప్రతులు వ్రాయించెను. మెకంజీదొర గ్రామకైఫియతులు వ్రాయించెను. వీరి సంగ్రహములవలనఁ జెన్నపురి ప్రాచ్యలిఖితపుస్తకశాల సంపన్నమైనది. సేకరించువారు కావ్యముపేరు విన్నచోఁ గట్టను దీసికొనిరి. వెనుకనున్న విడియాకులను, పద్దులను, వైద్యపుఁజీటులను గృహస్థునకే విడిచిరి. గెనీజాయందు జాబులకుఁ బట్టిన గతియే యిది. పల్నాట నాఁటియిండ్లు పడఁగొట్టి క్రొత్తవి కట్టునప్పుడు అటకమీఁది కట్టలు దించఁబడుచున్నవి. అట్లు దిగిన కట్టనుండి కావ్యమును మాత్రము వేఱుచేయరాదు. త్రాడు, పలకలు, విడియాకులు, తుదియాకునందలి పద్దులతోఁగూడ నొక్కటిగానే యుంచి, ఏయూర, ఏయింట, ఏ కట్టనడుమ దొరకెనో పట్టికలో వ్రాయవలయును. ఒక గృహస్థుని పద్దులోఁ గానవచ్చు సంవత్సరనామమును, ఊరిశాసనముననో, కైఫియతులోనో కానవచ్చు కరణముపేరును గలిసినచోఁ బ్రక్కనున్న కావ్యప్రతికిఁ గాలము తేలును. కావ్యముననే కాలము వెదకువాని కది యెన్నఁడును దొరకకపోవచ్చును.

కారెంపూఁడి వీరులగుడియొద్దఁ బ్రతిసంవత్సరము కార్తికమాసమున నుత్సవము జరుగును. పల్నాటి నలుమూలలనుండి వీరుల యాయుధములు నాగులేటికి వచ్చును, గాయకులును వత్తురు. ముద్రితప్రతిని జేతఁబట్టుకొని యచ్చటఁ గూర్చుండువానికి సందిగ్ధపాఠములు కొన్ని యచ్చటనే తేలఁగలవు.