సబ్బు కాదు, నీళ్లే బగ్: మూడు నెలల షేవింగ్ సోప్ టెస్టింగ్

ఈ సైట్‌లో నేను ఇప్పటిదాకా రాసినవన్నీ ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకులు, బడ్జెట్ ఫోన్ల గురించే. ఈసారి సబ్బు గురించి. నవ్వకండి. ఆ మధ్య ఒక ట్రిమ్మర్ రివ్యూ చేయమని ఎడిటర్ అడిగితే, "నా మెడ మీద చర్మం బాగోలేదు, ఇంకెవరికైనా ఇవ్వండి" అని తప్పించుకున్నాను. ఆ మెడ కథే ఇది.

నా గడ్డం మందం. మెడ దగ్గర వెంట్రుకలు కొంచెం రింగు తిరిగి పెరుగుతాయి. హైదరాబాద్ వచ్చి హాస్టల్‌లో చేరినప్పటి నుంచి, షేవ్ చేసిన ప్రతిసారీ మెడంతా ఎర్రబడేది. కాలర్ తగిలితే మంట. రెండో రోజుకి చిన్న చిన్న పొక్కులు. మెడికల్ షాపులో చూపిస్తే ఒక క్రీమ్ ఇచ్చారు. రెండు రోజుల్లో మాయమైపోయింది. మానేస్తే ముందుకంటే ఎక్కువగా వచ్చింది. మళ్లీ రాశాను. అలా ఆరు వారాలు గడిచేసరికి చర్మం పల్చబడిపోయి, ఎండలోకి వెళ్తే కందిపోవడం మొదలైంది.

అప్పుడు భయమేసి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ట్యూబ్ వెనక్కి తిప్పి చూశారు. అందులో ఉన్నది స్టెరాయిడ్ అని, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందని, ముఖానికి ఇష్టమొచ్చినట్టు రాసుకునేది కాదని చెప్పారు. "కారణం కనుక్కోకుండా పైన పూత పూస్తే ఎలా?" అని చీవాట్లు కూడా పెట్టారు. మన భాషలో చెప్పాలంటే, నేను ఎర్రర్ ఫిక్స్ చేయకుండా లాగ్స్ ఆఫ్ చేశానన్నమాట. మీలో ఎవరైనా ఇప్పుడు అలాంటి ట్యూబ్ వాడుతుంటే, ఈ ఆర్టికల్ పక్కన పెట్టి ముందు డాక్టర్‌కి చూపించండి. సడన్‌గా ఆపడం కూడా వాళ్లని అడిగే చేయాలి.

రాజమండ్రిలో దొరికిన క్లూ

కొన్ని వారాలు రేజర్ ముట్టుకోలేదు. డాక్టర్ సరేనన్నాక, ఈసారి సరైన సబ్బుతో మొదలుపెడదామనుకున్నాను. రివ్యూలు చదివి, నురగ బాగా వస్తుందని అందరూ మెచ్చుకున్న ఒక ఖరీదైన ఇంపోర్టెడ్ సోప్, దానికో బ్రష్ కొన్నాను. హాస్టల్ బాత్రూంలో ఎంత తిప్పినా పెద్ద పెద్ద బుడగలు వచ్చేవి. రెండో చెంపకి వచ్చేలోపే ఆరిపోయేవి. బ్రష్ మీద విరిగిన పాలలా తెల్లటి తెట్టు మిగిలేది. మెడ మళ్లీ ఎర్రబడింది. మోసపోయానని ఫిక్స్ అయిపోయి, వన్ స్టార్ రివ్యూ కూడా టైప్ చేసి పెట్టుకున్నాను.

అంతలో సంక్రాంతి. అదే సబ్బు, అదే బ్రష్ పట్టుకుని రాజమండ్రి వెళ్లాను. భోగి రోజు పొద్దున్న షేవింగ్‌కి కూర్చుంటే, ఒక్క నిమిషంలో బ్రష్ నిండా మీగడలాంటి నురగ వచ్చింది. షేవ్ పూర్తయ్యేదాకా ఆరలేదు. నేను ఆశ్చర్యంగా చూస్తుంటే నాన్న వచ్చి, "ఏరా, ఆ మెడేంటి అలా అయిపోయింది?" అన్నారు. కథంతా చెప్పాను.

"సబ్బుదేముందిరా! మేం ట్రైనింగ్‌కని హైదరాబాద్‌లో ఉన్నప్పుడు తలంటుకుంటే జుట్టు పీచులా అయ్యేది. అవి బోరు నీళ్లు. ఉప్పు నీళ్లకి నురగెక్కడ వస్తుంది?" అన్నారు.

ఆయన ముప్పై ఏళ్లుగా స్టీలు గిన్నెలో గుండ్రటి సబ్బుబిళ్ల వేసుకుని గోదావరి నీళ్లతోనే షేవ్ చేస్తున్నారు. మెడ మీద ఒక్క మచ్చ లేదు. సిగ్నల్ లేని రూమ్‌లో కూర్చుని ఫోన్‌కి వన్ స్టార్ ఇవ్వబోయానని నాకప్పుడు అర్థమైంది.

నీళ్లు సబ్బుని ఏం చేస్తాయి?

షేవింగ్ సోప్‌లో అసలు సరుకు స్టియరిక్ యాసిడ్ లాంటి కొవ్వు ఆమ్లాల పొటాషియం, సోడియం లవణాలు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ ఉంటే, అవి సబ్బుతో కలిసి నీళ్లలో కరగని తెట్టుగా మారతాయి. బకెట్ అంచున పేరుకునే తెల్ల పొర కూడా ఇదే. అంటే మీరు తీసుకున్న సబ్బులో కొంత భాగం నురగ కాకముందే ఖర్చైపోతుంది. మిగిలిన పల్చటి నురగలో జారుడు ఉండదు. రేజర్ నేరుగా చర్మాన్ని గీరుతుంది. మంట అక్కడ మొదలవుతుంది.

మూడొందల లోపు దొరికే టీడీఎస్ పెన్ ఒకటి కొన్నాను. హాస్టల్ ట్యాప్ 940 పీపీఎం చూపించింది. హాస్టల్ ఆర్ఓ నీళ్లు 60. అంతకుముందు రాజమండ్రిలో ఇంటి కుళాయిని చూసే ఐడియా రాలేదు కాబట్టి, తర్వాత వెళ్లినప్పుడు చూస్తే 170 వచ్చింది. ఒక్క మాట: టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన అన్నిటి మొత్తం, అది హార్డ్‌నెస్ ఒక్కటే కాదు. అందుకే అక్వేరియం షాపుల్లో అమ్మే హార్డ్‌నెస్ స్ట్రిప్స్ కూడా వాడాను. హాస్టల్ నీళ్లకి ముంచితే రంగు చార్టులో చివరి గడికి వెళ్లిపోయింది. తాగునీటికి మన ఐఎస్ 10500 ప్రమాణం చెప్పే హార్డ్‌నెస్ పరిమితి లీటరుకి 200 మిల్లీగ్రాములు. వేరే దారి లేకపోతే 600 దాకా.

హైదరాబాద్ అంతా ఇలాగే ఉంటుందని కాదు. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు వచ్చే ఇళ్లలో మీకు ఈ సమస్య కనిపించకపోవచ్చు. బోరు, ట్యాంకర్ల మీద నడిచే హాస్టళ్లలో, అపార్ట్‌మెంట్లలోనే అసలు గొడవ.

టెస్టింగ్ ఎలా చేశానంటే

నాలుగు ప్రొడక్టులు తీసుకున్నాను: నా ఇంపోర్టెడ్ సోప్, నాన్న వాడే లాంటి చవక సబ్బుబిళ్ల, ట్యూబ్‌లో వచ్చే క్రీమ్, డబ్బాలో వచ్చే జెల్. ఒక్కోదానికి మూడు వారాలు, వారానికి మూడు షేవ్‌లు. మెడకి ఎడమవైపు ట్యాప్ నీళ్లు, కుడివైపు ఆర్ఓ నీళ్లు. మొదట షేవ్ చేసే వైపుకి లాభం రాకుండా ఒకసారి ఎడమ, ఒకసారి కుడి ముందు చేశాను. రేజర్ ఒకటే. ప్రతి మూడు షేవ్‌లకి కొత్త బ్లేడ్.

గంట తర్వాత ఫోన్‌తో ఫోటో. ఇక్కడ మన వాళ్లకి పనికొచ్చే టిప్: ఆటో మోడ్‌లో తీస్తే ఫోన్ చర్మాన్ని నునుపు చేసేసి ఎరుపు దాచేస్తుంది. బ్యూటీ మోడ్ ఆఫ్ చేసి, ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, ఒకే లైట్ కింద తీశాను.

రిజల్ట్ ఇదీ. డబ్బా జెల్‌కి రెండు వైపులా పెద్ద తేడా రాలేదు. రెండు వైపులా ఓ మోస్తరు ఎరుపే. క్రీమ్‌కి కొంచెం తేడా. సబ్బులకి మాత్రం తేడా చాలా స్పష్టం. ఆర్ఓ నీళ్లలో చవక బిళ్ల ఇచ్చిన నురగ, ట్యాప్ నీళ్లలో ఇంపోర్టెడ్ సోప్ ఇచ్చినదానికంటే ఎంతో మేలు. ఎరుపు కూడా ఆ వైపే తక్కువ. ఆర్ఓ నీళ్లలో రెండు సబ్బుల్నీ పోలిస్తే, వాసనలో తప్ప నా మెడకి తేడా తెలియలేదు.

అందుకే ఇక్కడ బ్రాండ్ పేర్లు రాయట్లేదు. ఇది ఒక్క మెడ మీద చేసిన టెస్ట్. పైగా నా నీళ్లలో ఫెయిలైన సబ్బు మీ నీళ్లలో టాపర్ కావచ్చు.

స్పెక్ షీట్ చదవడం నేర్చుకోండి

సబ్బు వెనకాల పదార్థాలు సాధారణంగా ఎక్కువ నుంచి తక్కువ వరసలో ఉంటాయి. మొదటి రెండు మూడు పేర్లలో స్టియరిక్ యాసిడ్ లేదా పొటాషియం స్టియరేట్ ఉంటే మంచి గుర్తు. నిలకడైన చిక్కటి నురగ దాని పనే. కొబ్బరి నూనె ఆమ్లాలు త్వరగా నురగ తెస్తాయి కానీ, ఎక్కువైతే చర్మం పొడిబారుతుంది. గ్లిజరిన్ తేమని పట్టి ఉంచుతుంది. ఈడీటీఏ అని కనిపిస్తే అది కాల్షియాన్ని పట్టుకునే పదార్థం, హార్డ్ వాటర్ ఉన్నవాళ్లకి కొంత సాయం.

మెంథాల్ చూసి మోసపోకండి. అది చర్మంలో చల్లదనాన్ని గుర్తించే రిసెప్టర్లని తట్టి లేపుతుందంతే. వేడెక్కిన ఫోన్‌లో వార్నింగ్ ఆఫ్ చేసినట్టు, మంట తెలియకుండా పోతుంది. గీరుకోవడం మాత్రం ఆగదు.

నురగ ఎత్తు కూడా మెగాపిక్సెల్స్ లాంటిదే, చూడ్డానికి గొప్ప. కావాల్సింది జారుడు. రెండు వేళ్ల మధ్య నురగ పెట్టి రుద్దండి. వేళ్లు పట్టుకుంటే ఇంకో నాలుగు చుక్కలు నీళ్లు కావాలి. గట్టి పెరుగులా ఉండి, పైన బుడగలు కనిపించకుండా మెరుస్తుంటే రెడీ.

నా ఫైనల్ సెటప్

ఒక గ్లాసు ఆర్ఓ నీళ్లు. ఒక షేవ్‌కి అది చాలు. జాగ్రత్త: ఆర్ఓ మెషిన్ బయటికి వదిలే వేస్ట్ నీళ్లు కాదు, వాటిలో లవణాలు ట్యాప్‌కంటే ఎక్కువ. కాచిన నీళ్లతో పని జరుగుతుందా అని మా రూమ్మేట్ అడిగాడు. కాచితే హార్డ్‌నెస్‌లో ఒక భాగమే పోతుంది, మొత్తం పోదు. ఆర్ఓ లేకపోతే సబ్బు మీద బ్రష్‌ని మామూలుకంటే రెట్టింపు సేపు తిప్పండి. కాల్షియం తినేసింది పోగా మిగిలేలా.

షేవ్ స్నానం తర్వాతే. తడిసిన వెంట్రుక మెత్తబడుతుంది. ఇది చిన్న విషయం కాదు. ఎమ్ఐటీ పరిశోధకులు 2020లో సైన్స్ పత్రికలో చూపించిన ప్రకారం, బ్లేడ్ స్టీలు కంటే దాదాపు 50 రెట్లు మెత్తనైన వెంట్రుక కూడా ఆ బ్లేడ్ అంచుని పెచ్చులుగా విరగ్గొట్టగలదు. అంచు విరిగిన బ్లేడ్‌తో ఎంత మంచి నురగ ఉన్నా లాభం లేదు. అమెరికన్ డెర్మటాలజీ అకాడమీ 5 నుంచి 7 షేవ్‌లకి బ్లేడ్ మార్చమంటుంది.

నీళ్లు మార్చాక మంట తగ్గింది కానీ పొక్కులు పూర్తిగా పోలేదు. ఎందుకంటే రెండూ ఒకటి కాదు. మంట ఒరుసుకోవడం వల్ల. పొక్కులు, తెగిన వెంట్రుక వంగి మళ్లీ చర్మంలోకి గుచ్చుకోవడం వల్ల. దీనికి సబ్బు మందు కాదు. 1971లో రెండు బ్లేడ్లతో ట్రాక్ టూ, 1998లో మూడింటితో మాక్ త్రీ, 2006లో అయిదింటితో ఫ్యూజన్ వచ్చాయి. ఫోన్ల వెనక కెమెరాలు పెరిగినట్టే. ముందు బ్లేడ్ వెంట్రుకని కాస్త పైకి లాగితే, వెనకది ఇంకా కిందకి కోస్తుంది. నునుపు కావాలనుకునేవాళ్లకి అది ఫీచర్, నాలాంటి రింగుల గడ్డానికి అదే బగ్. సింగిల్ బ్లేడ్ సేఫ్టీ రేజర్‌కి మారి, చర్మాన్ని లాగిపట్టకుండా, వెంట్రుక వాలు ప్రకారమే గీస్తున్నాను. మెడ మీద వాలు చెంప మీదలా ఉండదు, వేలితో తడిమి చూసుకోండి. పొక్కులు అక్కడ తగ్గాయి.

చివర్లో పటిక. సెలూన్‌లో రాసేదే. తడిపి రాస్తే ఎక్కడ చురుక్కుమంటే అక్కడ ఎక్కువ నొక్కానని అర్థం. నాకది లాగ్ ఫైల్.

ఎవరు కొనాలి?

సబ్బు, బ్రష్ అంటే రోజూ అదనంగా అయిదు నిమిషాలు. ఓపిక లేకపోతే, మీ నీళ్లు మరీ హార్డ్ అయితే, మంచి క్రీమ్ చాలు. చర్మం బాగా పొడిగా ఉన్నవాళ్లు, ఎగ్జిమా ఉన్నవాళ్లు అసలు సబ్బు జోలికి వెళ్లకపోవడమే మంచిది. సబ్బు సహజంగానే క్షారం, నీళ్లు మార్చినా అది మారదు. మిగతావాళ్లు ముందు ఖరీదైన సోప్ కాదు, చవక బిళ్ల ఒకటి, ఒక గ్లాసు మంచినీళ్లు ట్రై చేయండి. అప్పటికీ పొక్కులు చీము పడితే, మచ్చలు మిగిలితే డాక్టర్ దగ్గరికే వెళ్లండి, మెడికల్ షాపుకి కాదు.

టైప్ చేసి పెట్టుకున్న ఆ వన్ స్టార్ రివ్యూ డిలీట్ చేశాను. ట్రిమ్మర్ రివ్యూకి కూడా ఎడిటర్‌కి ఓకే చెప్పాను. వీడియో కాల్‌లో నాన్న మెడ చూపించమన్నారు. చూపించాను. "నీళ్ల సంగతి కనుక్కోడానికి మూడు నెలలు పట్టిందా నీకు?" అన్నారు.