పెరటిలో హరితగృహము — దాని వ్యయము

హరితగృహమను మాట వినినంతనే మనకు అద్దముల మేడ కన్నులకు గట్టును. 1851లో లండను నగరమున పాక్స్టను రూపకల్పన చేసిన స్ఫటికసౌధము పోలికతో, బెంగుళూరు లాల్‌బాగున 1889లో పునాది వేయబడిన గాజుటింటిని మీలో పలువురు చూచియే యుందురు. నేనును చూచితిని. నాటినుండి అట్టిదొకటి, ఎంత చిన్నదైనను, మా పెరటిలో నుండవలెనను కోరిక నన్ను విడువలేదు. ఆ కోరికవలన ఒక తూరి నష్టపడి, రెండవ తూరి తేరుకొంటిని గావున ఆ లెక్కను మీ ముందుంచుచున్నాను.

మావారు బడిపంతులు. మా యూరు కృష్ణాతీరమున నున్నది. వైశాఖమాసమున మా పెరటిలో నారు నిలువదు. మా అత్తగారి తమలపాకు తీగ ఏటేట వేసవికి మాడి, వానలకు మరల చిగిర్చుచుండెను. భోజనానంతరము తాంబూలము లేనిదే ఆమెకు పొద్దు గడవదు. ఇంట తీగ యుండగా ఆకులు కొని తెప్పించుట ఆమెకు చిన్నతనము.

మొదటి తూరి వెదురుగడలు పాతించి, పైనను చుట్టును పలుచని ప్లాస్టిక్కు పట్టా కప్పించితిని. 3,800 రూపాయలైనవి. మాఘమున వంగ, మిరప, టమాటా నారు కన్నులపండువుగా నెదిగెను. చైత్రమున నొకనాటి మధ్యాహ్నము తలుపు తీయగా లోపలి వేడిమి మొగమున గొట్టినది. నారంతయు ఉడికిన తోటకూరవలె వ్రాలియుండెను. వెలుగు పట్టాగుండ లోనికి బోవును. దానివలన వేడెక్కిన గాలి మాత్రము వెలికి రాజాలదు. చలిదేశములవారికి ఆ చిక్కుకొన్న వేడియే వరము. నలువదియైదు డిగ్రీల యెండలో మనకు కావలసినది నీడయు, గాలియును. కార్తికమునకు వెదురు మొదళ్లను చెదలు తినివేసినవి. మావారు నన్నొక్క మాటయు ననలేదు. అనియున్న బాగుండెడిదని తోచినది.

రెండవ తూరి ముందుగా కాగితముమీద గట్టితిని. పండ్రెండడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు, ఆరు స్తంభములు. ఇనుపపనివాడొకడు అంతయు గలిపి 31,000 అనెను. ఏది దేనికని యడిగిన చెప్పడయ్యెను. ఇంకొకనిని పిలిచి, సరకు మేము కొనునట్లును, కూలి మాత్ర మాతనికిచ్చునట్లును మాటాడుకొంటిమి. జస్తాపూత గొట్టములకు 10,200, పునాదుల సిమెంటు, కంకర, ఇసుకలకు 1,500, నీడవలకు 1,750, కూలి 4,500, తలుపునకు 1,500, నీటి గొట్టము, కుళాయి 1,200. వెరసి 20,650 రూపాయలు. తలవని ఖర్చులకై దీనిలో పదవవంతు కలుపగా 22,715 అయినది.

చూచితిరా! నీడవల వెల మొత్తములో పదవవంతైనను లేదు. మనము అంగడిలో గంటసేపు బేరమాడునది దానికే! ధనమంతయు ఇనుమునందున్నది. గొట్టములను తూకమున కమ్ముదురు గావున దళమెంతో అడిగి, ఎదుట తూచించుకొనవలెను.

అప్పుచేసి కట్టరాదని నా పట్టుదల. నెలకు వేయి చొప్పున ఇరువది నెలల చీటీ కట్టుచుంటిని. నడుమ పాడుకొన్నచో చాల తోపు పోవును. అందుచే కడపటి నెలవరకు ఓపికపట్టి, చీటీ నడుపువారి రుసుము పోగా 19,000 పుచ్చుకొంటిని. నెలనెల వచ్చు తోపు లాభమును ఇంటిఖర్చులో గలుపక వేరుగ దాచగా 2,900 పోగైనది. తక్కువపడిన 815 రూపాయలు పోపులపెట్టె అడుగున దొరకినవి.

గుంటలు రెండడుగుల లోతున త్రవ్వుచుండగా స్నానపుగది నీరు పోవు పాత తూము పగిలి 900 రూపాయలు మ్రింగినది. పదవవంతు కలుపుట పిరికితనమని నవ్విన మావారు ఆనాడు నవ్వలేదు. అతుకు పెట్టినచోట జస్తాపూత కాలిపోవును గావున అచ్చట త్రుప్పుపట్టని రంగు పూయించితిమి. నూటికి 50 పాళ్ల యెండ నాపు వలను అంతట గట్టి, తమలపాకు తీగ యున్న మూలమాత్రము రెండవ పొర వేసితిమి. వల సందులగుండ గాలియాడును, వాననీరు దిగును.

లాభమా? ఆకుకూరలు, కరివేపాకు, తమలపాకులు కొనుట తప్పి నెలకు సుమారు 300 రూపాయలు మిగులుచున్నవి. పెట్టుబడి తీరుటకు ఆరేండ్లు పట్టును. నడుమ ఎండకు చివికిన వలను మార్చవలసియుండును గనుక, అందుకై ఆ మిగులులో కొంత వేరుగ నుంచుచున్నాను. తొందరగా లాభము కావలెననువారు దీని జోలికి పోకుందురు గాక.

మొన్నటి ఆశ్వయుజమున తుపాను హెచ్చరిక వచ్చినది. వలను లాగిన నూడు ముళ్లతో గట్టియుంటిని గావున నేనును అత్తగారును అరగంటలో విప్పి చుట్టి అటుకమీద బెట్టితిమి. రాత్రియెల్ల గాలి వీచెను. తెల్లవారి చూడగా స్తంభము లొరగలేదు. తీగకు నాలుగాకులు మాత్రము రాలినవి. వానిని అత్తగా రేరి కడిగి సున్నము రాచుకొనిరి.