హాలులో ఎన్ని చాపలు పడతాయి?

2025 జూన్ 21న విశాఖపట్నంలో సముద్రపు ఒడ్డు పొడుగునా చాపలు పరుచుకున్నాయి. ప్రధానమంత్రి వచ్చారు, సుమారు 3 లక్షల మంది ఒక్కసారి ఆసనాలు వేశారు. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో తీర్మానం చేసి, 2015 నుంచి జరుపుతున్న అంతర్జాతీయ యోగా దినోత్సవానికి అది పదకొండోది. చూడముచ్చటైన దృశ్యమే. అయితే మర్నాడు 22వ తేదీ తెల్లవారుజామున ఐదున్నరకి ఆ చాపల్లో ఎన్ని మళ్ళీ పరుచుకుని ఉంటాయి? ఈ ప్రశ్న మామూలు మనిషికి అక్కర్లేదు. యోగా కేంద్రం పెట్టి దానిమీద బతకాలనుకునే వాడికి మాత్రం ఆ 22వ తేదీయే జీవనాధారం.

వ్యాపారం గురించి బి.కాం. మిత్రులు రాయాలి గాని బి.ఎస్సీ. వాడికెందుకు అని మీరనవచ్చు. కారణం ఉంది. మా పెద్దన్నయ్య డిగ్రీ అయ్యాక యోగాలో డిప్లొమా చేసి, పట్నంలో ఒకరి కేంద్రంలో మూడేళ్ళు జీతానికి పనిచేశాడు. ఇప్పుడు సొంతంగా పెడతానంటున్నాడు. మాది కృష్ణా డెల్టాలో కాలవ చివరి పల్లె. సొంతం రెండెకరాలు, కౌలుకి మూడు. పెట్టుబడి అంటే ఇంట్లో అందరి చూపూ పట్టాదారు పాసుపుస్తకం మీదికే పోతుంది. అంచేత లెక్క కట్టే పని నామీద పడింది. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను. మన కళాశాల నుంచి బయటికి వెళ్ళాక ఇటువంటి స్వయం ఉపాధి ఆలోచన చేసేవాళ్ళకి పనికి రావచ్చు. యోగాకి బదులు డాన్సు క్లాసో, ట్యూషనో అనుకున్నా లెక్క పెద్దగా మారదు.

మొదట మా నాన్న వేసిన ప్రశ్న. "దేవుడిచ్చిన గాలి పీల్చి వదలడానికి వెయ్యి రూపాయలు తీసుకుంటావట్రా?" చాలామంది పెద్దల మనసులో ఉన్నదీ ఇదే. దానికి మా అన్నయ్య, "కాలవలో నీళ్ళు కూడా దేవుడివే గదా నాన్నా, మరి లస్కరుకి జీతం ఎందుకిస్తున్నారు?" అన్నాడు. నాన్న నవ్వి ఊరుకున్నారు గాని, ఒప్పుకున్నట్టు కాదు.

నిజానికి ఫీజు తీసుకుని నేర్పడం కొత్తేమీ కాదు. బొంబాయిలో శ్రీ యోగేంద్ర గారు యోగా ఇన్‌స్టిట్యూట్ స్థాపించింది 1918లో. మైసూరులో 1930లలో టి. కృష్ణమాచార్య గారు మహారాజా వారి ఆదరణతో రాజప్రాసాదంలోనే యోగశాల నడిపారు. ఆయన శిష్యురాలు ఇంద్రాదేవి 1940ల చివర అమెరికాలో, హాలీవుడ్‌లో, యోగా స్టూడియో తెరిచింది. ఇంకో శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్ గారు 1937లో పూనా వెళ్ళి, ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పుకుని, 1975లో అక్కడ సొంత సంస్థ ప్రారంభించారు. యోగశాలకి మహారాజు అండ ఉంది. అటువంటి అండ లేనివాళ్ళు శిష్యుల ఫీజు మీద బతికారు. మనకి మహారాజులు లేరు కాబట్టి రెండో దారే.

ఇంకొక సంగతి. ఆసనాన్ని ఎవరూ సొంతం చేసుకోలేరు. బిక్రమ్ చౌదరి అనే ఆయన వేడిగదిలో వేసే 26 ఆసనాల వరసకి కాపీరైటు తనదేనని అమెరికాలో కోర్టుకెక్కాడు. ఆ వరస ఎవరైనా వాడుకోవచ్చని 2015లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది. యూట్యూబులో ఏ ఆసనమైనా ఊరకే దొరుకుతుంది. అప్పుడు కేంద్రం పెట్టినవాడు అమ్ముతున్నదేమిటి? ఒక శుభ్రమైన చోటు, ఒక నియమితమైన వేళ, మన నడుం వంకరగా వంగుతుంటే కనిపెట్టి సరిచేసే ఒక మనిషి చూపు. నా ఉద్దేశంలో ఈ మూడే.

ఇక చోటు. యోగా చాప ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు ఉంటుంది. కాని పడుకుని చేతులు చాపితే పక్కవాడి మొహానికి తగలకూడదు గదా. మనిషికి 30 చదరపుటడుగులు వేసుకోవాలి. 600 చదరపుటడుగుల హాలు తీసుకుంటే, అందులో చెప్పులకి, గురువుకి, ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదికి 150 పోతుంది. మిగిలిన 450లో 15 చాపలు పడతాయి. మా నాన్నకి ఇదే వెంటనే అర్థమైన విషయం. "అంటే ఎకరానికి ఇన్ని బస్తాలే అన్నట్టు," అన్నారు. అవును, ఎంత ఎరువు వేసినా ఆ హాలులో పదహారో చాప పడదు.

ఉదయం రెండు బ్యాచీలు, సాయంత్రం రెండు అనుకుందాం. 15 నాలుగులు 60. నెలకి మనిషికి వెయ్యి రూపాయలు ఫీజు. కింది అంకెలన్నీ మేము మా పట్నానికి వేసుకున్న అంచనాలు, మీ ఊరికి మీరు మార్చుకోవాలి. అద్దె 15,000. సాయంత్రం బ్యాచీలకి ఇంకో టీచరు 8,000. కరెంటు, నీళ్ళు 2,500. ఊడ్చే మనిషికి 3,000. చిల్లర 1,500. మొత్తం 30,000. అనగా 30 మంది కట్టేదాకా అన్నయ్య కష్టం ఉచితం. సగం హాలు నిండితే నష్టం లేదు, అంతే. ఇంటికి బియ్యం రావు. 48 మంది ఉంటే 18,000 మిగులుతుంది. 60కి 60 నిండడమనేది కాగితం మీద మాట.

అద్దెని కౌలుతో పోల్చి చూడండి, భయం తెలుస్తుంది. పంట పండినా మునిగినా కౌలు బస్తాలు ఇవ్వాల్సిందే. తేడా ఏమంటే, కౌలు ఏడాదికోసారి అడుగుతారు, అద్దె ప్రతి నెలా ఐదో తారీఖున అడుగుతారు.

ఇప్పుడు నా సబ్జెక్టులోకి వస్తాను, కొంచెం ఓపిక పట్టండి. రేడియోధార్మిక పదార్థం ఒకటి ఒక పక్క క్షీణిస్తూ, ఇంకో పక్క ఒకే వేగంతో కొత్తగా తయారవుతూ ఉంటే, కొంతకాలానికి దాని పరిమాణం ఒకచోట నిలిచిపోతుందని మనం ఫిజిక్సులో చదివాం. యోగా కేంద్రంలో జనం కూడా అంతే. ప్రతి నెలా ఉన్నవాళ్ళలో ఐదో వంతు మానేస్తున్నారనుకోండి, కొత్తగా ఏడుగురు చేరుతున్నారనుకోండి. 35 మంది అయ్యేసరికి మానేవాళ్ళు ఏడుగురు, చేరేవాళ్ళు ఏడుగురు. అక్కడితో ఆగిపోతుంది. ఏడాది గడిచినా, రెండేళ్ళు గడిచినా అన్నయ్యకి మిగిలేది నెలకి 5,000. అదే ఏడుగురు చేరుతూ, మానేవాళ్ళు పదో వంతే అయితే లెక్క 70కి పోతుంది, అంటే హాలే చాలదు. కరపత్రాలు పంచి, ఫ్లెక్సీలు కట్టి చేరేవాళ్ళని రెట్టింపు చేయడం డబ్బుతో పని. మానేవాళ్ళని సగం చేయడం మాత్రం పేరు పెట్టి పిలవడంతో, రెండు రోజులు రాకపోతే ఫోను చేసి కనుక్కోవడంతో, బ్యాచీ వేళకి ఐదు నిమిషాల ముందు గేటు తీసి ఉంచడంతో అవుతుంది. అన్నయ్య పనిచేసిన చోట ఇది చూశాడట. ఎంత బాగా శీర్షాసనం వేసే టీచరైనా సరే, వారంలో రెండు రోజులు ఆలస్యంగా వస్తే ఆ బ్యాచీ మూడు నెలల్లో కరిగిపోయేది.

మూడు నెలల ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు ఇవ్వడం మంచి ఉపాయమే, కట్టినవాడు మానేయడు. కాని ఆ డబ్బు ఇంకా మనది కాదు. చేలో పంట ఉండగానే షావుకారు దగ్గర తెచ్చుకున్న అడ్వాన్సు లాంటిది. రాబోయే నెలల పాఠాలు బాకీ ఉన్నాం. దాన్ని మొదటి నెలలోనే ఖర్చుపెట్టేస్తే మూడో నెల అద్దె ఎవరు కట్టాలి?

హాలు రోజుకి నాలుగు గంటలే పనిచేస్తుంది, మిగతా ఇరవై గంటలూ ఖాళీ. మా వైపు మాగాణిలో వరి కోతకి ముందే, నిలబడి ఉన్న చేలోనే మినుము చల్లుతారు. వరికి పెట్టిన తేమ వృధా కాకుండా రెండో పంట చేతికొస్తుంది. అట్లాగే ఉదయం పదిన్నరకి ఇల్లాళ్ళ బ్యాచీ పెట్టొచ్చు. దానికి మా వదిన చెబుతుంది, ఆమె కూడా నేర్చుకున్నదే. ఆడవాళ్ళు చెప్పే బ్యాచీ అంటే ఇంట్లోవాళ్ళు అభ్యంతరం లేకుండా పంపుతారు. సాయంత్రం నాలుగున్నరకి బడిపిల్లలు. మధ్యాహ్నం ఎవరైనా కూచిపూడి నేర్పేవాళ్ళకి గంటల లెక్కన ఇవ్వొచ్చు, అయితే ఇంటివాళ్ళతో ముందే కాగితం మీద రాయించుకోవాలి.

చోటు ఎంచేటప్పుడు రెండో అంతస్తు చవకని ఆశపడకూడదు. వచ్చేవాళ్ళలో సగం మంది మోకాళ్ళ నొప్పులతోనే వస్తారు. మెట్లెక్కగలిగితే వాళ్ళు మన దగ్గరికి రానేరారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చేరేరోజునే బీపీ, గుండె జబ్బు, హెర్నియా, వెన్నుపూస జారడం, గర్భం, చేయించుకున్న ఆపరేషన్లు అన్నీ అడిగి రాసుకోవాలి. రక్తపోటు ఎక్కువున్నవాళ్ళకి, కంట్లో గ్లాకోమా ఉన్నవాళ్ళకి తలకిందులుగా ఉండే ఆసనాలు వేయించకూడదు. కంటిలోపలి ఒత్తిడి పెరుగుతుంది. "షుగరు మాయం చేస్తాం, మందులు మానిపిస్తాం" అని బోర్డు రాయించేవాళ్ళున్నారు. అది నమ్మి ఎవరైనా మాత్రలు మానేస్తే, వాళ్ళ ప్రాణానికి బాధ్యులెవరు? అటువంటి బోర్డు వల్ల పదిమంది ఎక్కువ చేరినా సరే, మాకొద్దనుకున్నాం.

కాగితాల పని అనుకున్నంత లేదు. దుకాణాల చట్టం కింద రిజిస్ట్రేషను, మునిసిపాలిటీ లైసెన్సు, ఉద్యమ్ నమోదు. ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే జి.ఎస్.టి. మన 48 మంది లెక్క 6 లక్షలు కూడా దాటదు. యోగా కేంద్రాలకి ఆ పన్ను 18 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం చేశారు. ఆయుష్ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలు పెడుతుంది. అది ఉంటే నమ్మకం పెరుగుతుంది, అన్నయ్య రాయబోతున్నాడు.

చివరికి పెట్టుబడి. మూడు నెలల అడ్వాన్సు 45,000. నేల, రంగులు 40,000. ఫ్యాన్లు, బోర్డు 20,000. ఇన్వర్టరు 20,000. చాపలు 12,000. ఇవి కాక, ఎవరూ రాకపోయినా నాలుగు నెలలు తట్టుకోవడానికి చేతిలో 1,20,000. మొత్తం 2,57,000. చూశారా, అన్నిటికంటే చవక చాపలు, ఖరీదైనది ఎదురుచూపు. చాలామంది ఆ నాలుగు నెలల డబ్బుతో అద్దాలూ, గోడమీద బొమ్మలూ పెట్టి, ఐదో నెలలో తాళం వేస్తారు. ముద్రా పథకంలో 'కిశోర్' కింద 5 లక్షల దాకా పొలం తాకట్టు లేకుండా అప్పు అడగవచ్చు. వాయిదా మాత్రం నెలనెలా కట్టాలి, అది పైన వేసిన 30,000లో కలవలేదు. దాన్ని కలిపితే 30 మంది కాస్తా 36, 37 అవుతారు.

లెక్కంతా విని నాన్న ఒక షరతు పెట్టారు. ముందు హాలు తీసుకోకుండా పాఠాలు చెప్పాలి. ముప్పైమంది మూడు నెలలు వరసగా ఫీజు కడితే బ్యాంకుకి తానూ వస్తారు, పాసుపుస్తకం మాత్రం బీరువాలోంచి కదలదు. అన్నయ్య ఒక కల్యాణ మండపం వాళ్ళని అడిగి, భోజనాల హాలు ఉదయం రెండు గంటలకి అద్దెకి తీసుకున్నాడు. పెళ్ళి ఉన్న రోజుల్లో క్లాసు మేడమీద జరుగుతుంది, కింద నుంచి సాంబారు వాసనతో. మొదటి నెల పందొమ్మిది మంది కట్టారు. రెండో నెల ఇరవై ఆరు. మూడో నెల ఫీజులు వసూలు కావడానికి ఇంకా పదకొండు రోజులుంది.