చర్మానికి కావలసిన నూనె
(రేడియో ప్రసంగం)



చలికాలం వస్తే చాలు, "ఒళ్లు పగులుతోందండీ, ఏ క్రీము రాయమంటారు?" అని అడుగుతారు. "మీరు వంటకి ఏ నూనె వాడుతున్నారు?" అని నేనడిగితే మాత్రం ఆశ్చర్యపోతారు. వంటకీ చర్మానికీ ఏమిటి సంబంధం అంటారా? చాలా ఉంది.

కొవ్వుల్లో ఉండే ఆమ్లాల్లో చాలావాటిని మన శరీరమే తయారు చేసుకుంటుంది. లినోలిక్, లినోలెనిక్ అనే రెండింటిని మాత్రం చేసుకోలేదు. తిండిలోంచే రావాలి. అందుకే వీటిని ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు అంటారు.

1929లో అమెరికాలో బర్ దంపతులు ఎలకలకు కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టి చూశారు. వాటి చర్మం పొలుసులు కట్టింది, ఎదుగుదల ఆగిపోయింది, నీళ్లు ఎక్కువగా తాగసాగాయి. లినోలిక్ ఆమ్లం ఇచ్చాక కోలుకున్నాయి.

ఎందుకలా జరిగింది? చర్మం పైపొరను ఇటికల గోడ అనుకోండి. ఎండిన కణాలు ఇటికలు. వాటి మధ్య సున్నంలాగా సెరామైడ్లు అనే కొవ్వు పదార్థాలుంటాయి. వీటిలో ముఖ్యమైన కొన్నింటికి లినోలిక్ ఆమ్లం కావాలి. అది చాలకపోతే గోడ బీటలిచ్చి లోపలి తేమ ఆవిరైపోతుంది. ఎలకలకు దాహం పెరిగింది అందుకే.

లినోలిక్ ఆమ్లాన్ని అరాకిడోనిక్ ఆమ్లంగా మార్చే పని చర్మానికి చేతకాదు. కాలేయం తయారు చేసి పంపినదాన్ని రక్తంలోంచి తీసుకుంటుంది.

తల్లులు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. 1950లలో అమెరికాలో వెన్న తీసిన పాలతో పెంచిన పసివాళ్లకు చర్మం ఎండి, పొట్టు రాలడం వైద్యులు గమనించారు. తల్లిపాలలో ఈ ఆమ్లం ఉంటుంది. ఏడాది నిండని పిల్లలకు వెన్న తీసిన పాలు పట్టకండి.

మరి ఏ నూనె మంచిది? లినోలిక్ ఆమ్లం మామూలు కుసుమ నూనెలో నూటికి 70 పాళ్లు, నువ్వుల నూనెలో 40, వేరుశనగలో 30 దాకా ఉంటుంది. కొబ్బరినూనెలోనూ నేతిలోనూ రెండు పాళ్లే. లినోలెనిక్ కోసం అవిసె గింజల పొడి అన్నంలో కలుపుకోవచ్చు.

అలాగని గరిటెలు గరిటెలు పోయనక్కర్లేదు. మనిషికి రోజుకు నాలుగైదు చిన్న చెంచాలు చాలు. లావెక్కుతామని నూనె పూర్తిగా మానేయడమే పొరపాటు.

పొడిచర్మానికి చలిగాలి, ఘాటు సబ్బు, ఇతర జబ్బులూ కారణం కావచ్చు. దురద, పగుళ్లు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.