మంట రంగు చూశారా?

సంక్రాంతి రేపనగా ఏలూరు పవర్‌పేటలో ఓ ఇల్లు. తడి బియ్యప్పిండి జల్లించి సిద్ధంగా పెట్టారు. చాన్నాళ్లుగా వాడని పెద్ద బర్నర్ మీద బెల్లం పాకం ఎక్కించారు. ఎంతసేపైనా పాకం ముదరదే! వంగి చూస్తే... నీలంగా ఉండాల్సిన మంట పసుపు పచ్చగా గిన్నె చుట్టూ పాకుతోంది. అడుగంతా మసి.

'ఏవండీ, ఈసారి బండలో ఏదో కల్తీ కలిపారండీ' అంది ఇల్లాలు. ఆయన గ్యాస్ ఏజెన్సీకి ఫోన్ చేసి గట్టిగానే అడిగారు. ఈలోగా అరిసెలు వత్తడానికి వచ్చిన పక్కింటి పిన్నిగారు, 'ఆ చిన్న బర్నర్ కూడా ఓసారి వెలిగించి చూడమ్మాయ్' అన్నారు. వెలిగించారు. నీలం మంట! బండ ఒకటే, గొట్టం ఒకటే. కల్తీ అయితే ఓ బర్నర్‌కి ఉండి, రెండోదానికి లేకుండా ఎలా పోతుంది?

సాయంత్రం మెకానిక్ వచ్చాడు. స్టవ్ బోర్లించి, పెద్ద బర్నర్ కింది గొట్టంలోంచి చిన్న దూది ఉండలాంటిది లాగాడు. సాలెగూడు!

పండగ ముందు ఏ వీధిలోనైనా కనిపించే తంతే ఇది. స్టవ్ మొరాయిస్తే ముందుగా గ్యాస్‌ని అనుమానిస్తాం. చాలాసార్లు తప్పు గాలిది.

ఊదుగొట్టం ఎందుకు?

మన నాయనమ్మలకు ఈ సంగతి బాగా తెలుసు. కట్టెలపొయ్యి పొగ చిమ్మితే మరో కట్టె వేసేవారు కాదు, ఊదుగొట్టం తీసేవారు. రైస్ మిల్లులకు పెట్టింది పేరైన తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఊకకు కొదవ ఉండేది కాదు. రేకు పొయ్యి మధ్యలో ఓ కర్ర నిలబెట్టి, అడుగు కన్నంలోంచి మరో కర్ర దూర్చి, చుట్టూ ఊకని కూరి, తర్వాత ఆ కర్రలు లాగేస్తే ఊకపొయ్యి తయారు. కర్రలున్న చోట మిగిలిన ఖాళీయే గాలికి దారి. అది పూడిపోయిందా, ఎంత ఊక ఉన్నా పొగే!

1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చి గ్యాస్ పల్లెపల్లెకూ చేరింది. ఊదుగొట్టం అటకెక్కింది. కానీ మంటకి గాలి అవసరం ఎక్కడికి పోతుంది? వంటగ్యాస్ ఒక పాలు పూర్తిగా మండాలంటే పాతిక, ముప్ఫై పాళ్ల గాలి కావాలి. అందుకే స్టవ్ నాబ్ వెనకాల సన్నని ఇత్తడి జెట్‌కి, బర్నర్ గొట్టం మూతికి మధ్య ఖాళీ వదులుతారు. జెట్‌లోంచి దూసుకొచ్చే గ్యాస్ ఆ ఖాళీలోంచి గాలిని తనతో లాక్కుపోతుంది. అక్కడ సాలెగూడో, దుమ్మో, బొద్దింక రెక్కో అడ్డుపడితే గాలి తగ్గుతుంది. మంట పసుపెక్కుతుంది.

మీరే డాక్టరు!

మంట మొత్తం పసుపుగా ఉంటే గాలి దారి మూసుకుందని అర్థం. అక్కడక్కడా మాత్రమే పసుపుంటే బర్నర్ కన్నాలు పూడాయని. పాలు పొంగి, పప్పు పొర్లి, ఎండి గట్టిపడేది అక్కడే. రెగ్యులేటర్ ఆపి, స్టవ్ చల్లారాక బర్నర్ మూతలు తీయండి. వేడి సబ్బునీళ్లలో కాసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. కన్నాలను పిన్నీసుతో పొడవండి. ఇత్తడి మూతలైతే చింతపండు ఎలాగూ ఉంది. గొట్టం లోపలికి సీసాలు కడిగే సన్నటి బ్రష్ పెట్టి తిప్పండి. అన్నిటికంటే ముఖ్యం, పూర్తిగా ఆరాకే బిగించాలి. తడి బర్నర్ కూడా పసుపు మంటే ఇస్తుంది. కడిగాక మంట ఇంకా చెడిందని కంగారుపడేవాళ్లలో సగం మంది తొందరపడ్డవాళ్లే.

ఉప్పునీళ్లు చింది మంటలో పసుపు మెరుపులు కనిపిస్తే భయం లేదు. ఉప్పులోని సోడియం రంగు అది. బండ ఖాళీ కావస్తున్నప్పుడు కూడా కాస్త పసుపు రావచ్చు. తేలికైన ప్రొపేన్ ముందుగా ఆవిరైపోయి, బరువైన బ్యూటేన్ అడుగున మిగులుతుంది మరి.

వెలిగించగానే 'టప్'మని లోపలెక్కడో మండుతున్న చప్పుడొస్తే వెంటనే ఆపేయండి. బర్నర్ మూత సరిగ్గా కూర్చోలేదన్నమాట. చల్లారాక సరిచేసి మళ్లీ వెలిగించండి. అయినా అదే చప్పుడైతే మూత కన్నాలు అరిగిపోయి ఉంటాయి, మార్చేయాలి.

రెండు బర్నర్లూ మందంగా మండుతున్నాయా? రెగ్యులేటర్ పూర్తిగా తిరిగిందో లేదో, గొట్టం ఎక్కడైనా మెలికపడిందేమో చూడండి. ఒక్కటే మందంగా ఉంటే దాని జెట్ పూడినట్టు. ఇక్కడే మన చేతులకి కళ్లెం వేయాలి. జెట్ కన్నం వెంట్రుకంత సన్నగా ఉంటుంది. పిన్నీసు పెట్టి కెలికితే పెద్దదైపోయి గ్యాస్ ఎక్కువై, ఉన్న జబ్బుకి కొత్త జబ్బు తోడవుతుంది. బిగుసుకుపోయిన నాబ్ సంగతీ అంతే. కొబ్బరినూనె పోసి బలవంతంగా తిప్పితే లీకవుతుంది. అవి మెకానిక్‌కి వదిలేయండి.

బండని పడుకోబెడితే...

ఆఖరి చుక్క వరకు వాడుకుందామని బండని పడుకోబెట్టడం, వేడినీళ్లు పోయడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. పొదుపు బుద్ధి మంచిదే కానీ ఇది పొదుపు కాదు, ప్రమాదం. బండలో ఉండేది ద్రవం. నిలబెట్టి ఉంటే దాని పైనున్న ఆవిరే బయటికొస్తుంది. పడుకోబెడితే ద్రవమే గొట్టంలోకి వస్తుంది. అది ఆవిరైతే సుమారు 250 రెట్లు పెరుగుతుంది. ఇక మంట ఏ ఎత్తున లేస్తుందో ఊహించుకోండి! పైగా మన కోస్తా చలికి బండలో గ్యాస్ మొరాయించదు. బ్యూటేన్ మరిగేది సున్నా డిగ్రీల దగ్గరే.

వాసన వస్తే స్విచ్చు ముట్టుకోవద్దు

వంటగ్యాస్‌కి వాసన ఉండదు. లీకైతే తెలియాలని మెర్‌కాప్టాన్ కలుపుతారు. ఇది గాలికంటే బరువు. పైకి పోదు, నేలబారున పరుచుకుంటుంది. వాసన రాగానే నాబ్‌లు, రెగ్యులేటర్ ఆపి తలుపులు, కిటికీలు తెరవండి. లైటు వేయొద్దు. వెలుగుతుంటే ఆపనూ వద్దు. ఫ్యాను, ఫ్రిజ్, ఫోను... దేని జోలికీ పోవద్దు. బండ దగ్గరే వాసన అయితే రెగ్యులేటర్ తీసి ప్లాస్టిక్ మూత బిగించండి. బయటికొచ్చాక 1906కి ఫోన్ చేయండి. ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది.

లీకుని వెతకడానికి సబ్బునురగ చాలు. బుడగలు వచ్చిన చోటే చిల్లు. అగ్గిపుల్లతో వెతికే ధీరులు ఇంకా ఉన్నారు, వాళ్లకి దణ్ణం పెట్టి దూరంగా ఉండండి. ఐఎస్ఐ ముద్ర ఉన్న సురక్ష గొట్టం అయిదేళ్లకోసారి మార్చాలి. దానికి అందం కోసం గుడ్డ తొడగొద్దు. ఎలుక కొరికినా కనిపించదు.

దోమలొస్తాయని కిటికీలు మూస్తే

కొల్లేరు చుట్టూ ఊళ్లలో పొద్దువాలితే కిటికీలన్నీ టకటకా మూసేస్తారు. దోమల బాధ అలాంటిది. ఆ మూసిన గదిలోనే స్టవ్ మీద రాత్రి వంట. గాలి చాలక మండే మంట మసినే కాదు, కార్బన్ మోనాక్సైడ్‌ని కూడా వదులుతుంది. దీనికి రంగూ రుచీ వాసనా లేవు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం... వంటింటి వేడికేమో అనుకుంటాం. ఎక్కువైతే స్పృహ తప్పుతుంది, ప్రాణాలే పోతాయి. బాత్రూంలో బిగించే గ్యాస్ గీజర్‌తో ఈ ముప్పు మరీ ఎక్కువ. దాన్ని బయట బిగించుకుని వేడినీళ్ల పైపు లోపలికి తెచ్చుకోవడం మేలు. కిటికీకి దోమల జాలీ కొట్టిస్తే దోమా రాదు, గాలీ ఆగదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి చలికాలంలో వెళ్లే మన పెద్దవాళ్లకీ ఇది పనికొచ్చే మాటే. అక్కడ ఇల్లంతా వెచ్చగా ఉంచే ఫర్నేసు చాలా ఇళ్లలో గ్యాస్‌తోనే నడుస్తుంది. అది ఆగిపోతే ముందు థర్మోస్టాట్ బ్యాటరీ, తర్వాత ఫిల్టర్ చూడాలి. దుమ్ముపట్టిన ఫిల్టర్ గాలిని ఆపేస్తే ఫర్నేసు వేడెక్కి తనంతట తనే ఆగిపోతుంది. కొత్త ఫిల్టర్ వేయడం అయిదు నిమిషాల పని. లోపలి మంట పసుపుగా కనిపిస్తే మాత్రం ఆపేసి టెక్నీషియన్‌ని పిలవాల్సిందే. గోడకున్న కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగితే 'వంట పొగకేలే' అని బ్యాటరీ పీకేయకుండా, మనవలతో సహా అందరూ బయటికి నడవాలి.

నీళ్లొచ్చినప్పుడు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరు కొల్లేరులోకి చేరినప్పుడు లంక గ్రామాలు ముంపులో చిక్కుకున్నాయి. ఏలూరు వాళ్లకి తమ్మిలేరు భయం ఎప్పుడూ ఉన్నదే. ఇలాంటి చోట తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. నిండు బండ కూడా నీళ్లలో తేలుతుంది! గ్యాస్‌తో కలిపి దాని బరువు 30 కిలోల దాకా ఉంటే, అది తోసే నీళ్ల బరువు అంతకంటే ఎక్కువ. గొట్టం తగిలించి ఉన్న బండ తేలి కదిలితే కనెక్షన్ ఊడి లీకవుతుంది. నీళ్లు గుమ్మంలోకి రాకముందే రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, గాలి తగిలే ఎత్తైన చోట నిలబెట్టి తాడుతో కట్టేయండి.

వరద తీశాక ఇల్లు కడుక్కోగానే టీ పెట్టుకోవాలనిపిస్తుంది. కానీ మునిగిన స్టవ్‌ని వెలిగించొద్దు. జెట్లలో, గొట్టాల్లో ఒండ్రు చేరి ఉంటుంది, మెకానిక్ విప్పి శుభ్రం చేయాల్సిందే. మునిగిన రెగ్యులేటర్ లోపల తుప్పుపట్టి ఒత్తిడిని అదుపు చేయలేదు, డీలర్‌కి ఇచ్చి వేరేది తీసుకోండి. గొట్టం కొత్తది కొనండి. ఆ తర్వాత వచ్చే కొత్త బండకి పైనున్న పట్టీ లోపలివైపు చూడండి. ఏ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన రెండంకెలు ఉంటాయి. ఏ అంటే మార్చి, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు. బి-28 అని ఉంటే ఆ బండని 2028 జూన్‌లోగా మళ్లీ పరీక్షించాలని. గడువు దాటిన బండ అయితే గుమ్మం దగ్గరే వెనక్కి ఇచ్చేయొచ్చు.